కోవిడ్ కాలంలో అగాంబెన్: ముందుచూపా, మొండితనమా? (మారుపేర్లతో సాగిన వ్యాఖ్యల చర్చ)

పాత సంచిక:
ఇటలీ తాత్వికుడు జార్జో అగాంబెన్ 2020 ఫిబ్రవరి 26న 'ఇల్ మనిఫెస్తో' పత్రికలో రాసిన వ్యాసాన్ని ఎగతాళి చేయనివారు లేరు. ఉగ్రవాదం సాకు అరిగిపోయింది కాబట్టి, అసాధారణ చర్యలను మామూలు పాలనగా మార్చుకోవడానికి ప్రభుత్వాలకు అంటువ్యాధి దొరికిందని ఆయన వాదన. మన దగ్గర మార్చి 24 రాత్రి ఎనిమిదింటికి ప్రకటించి అర్ధరాత్రికి దేశాన్ని మూసేశారు. 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టం ఒక్కటి చాలింది. ఆయన తప్పెక్కడ?

రెండో షిఫ్టు:
మొదటి పేరాలోనే. కోవిడ్‌ను ఫ్లూ లాంటిదన్నాడు. మూడు వారాలు తిరిగేసరికి ఉత్తర ఇటలీ నగరం బెర్గామో నుంచి శవపేటికలను సైనిక వాహనాల్లో తరలించారు.

పాత సంచిక:
అది ఇటలీ జాతీయ పరిశోధనా మండలి మాట. ఆయన ఉటంకించారు, అంతే. వ్యాసం చదివి మాట్లాడండి.

రెండో షిఫ్టు:
చదివాను. ఉటంకించి ఊరుకోలేదు, దాని మీదే వాదమంతా కట్టాడు. గుండె మార్పిడి చేయించుకోవద్దని అగాంబెన్ ఒకప్పుడు తనకు సలహా ఇచ్చాడనీ, వినుంటే అప్పుడే పోయేవాడిననీ ఆయన మిత్రుడు, ఫ్రెంచి తాత్వికుడు జాఁ-లుక్ నాన్సీ వెంటనే జవాబు రాశాడు. వైద్యమంటేనే అగాంబెన్‌కు గిట్టదు.

చలిచీమ:
ఇరవై వ్యాఖ్యలైనా ఫ్లూ దాటేలా లేరు.

పాత సంచిక:
సరే, ఫ్లూ వదిలేద్దాం. ఆత్మీయులు ఒంటరిగా చనిపోతుంటే, అంత్యక్రియలు లేకుండా శవాలను కాల్చేస్తుంటే ఎలా ఒప్పుకున్నామని ఏప్రిల్‌లో ఆయన అడిగారు. మా నాన్న ముఖం నాకు చూపించలేదు. సంచిలో చుట్టి తీసుకెళ్లారు. కొరివి పెట్టింది ఎవరో నాకు తెలియదు. దీనికి మీ వైద్యశాస్త్రం ఏం చెబుతుంది?

రెండో షిఫ్టు:
ఆ సంచి జిప్పు లాగిన చేతుల్లో నావీ ఉన్నాయండి, మీ నాన్నగారిది కాకపోవచ్చు. 2021 మేలో కోవిడ్ వార్డులో నర్సుగా ఉన్నాను. ఆ రాత్రులు నాకు నిరంకుశ రాజ్యం కనిపించలేదు. ఏ రాజ్యమూ కనిపించలేదు. ఆక్సిజన్ ట్యాంకరు ఎప్పుడొస్తుందో చెప్పే నాథుడు లేడు. ప్రభుత్వం మీద పడిందని మీ ఫిర్యాదు, అసలు రాలేదని నాది. అగాంబెన్ ఆలోచనలో నిర్బంధ శిబిరానికి చోటుంది, ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి లేదు.

గట్టు మీద:
లాక్‌డౌన్‌లో ములుగు జిల్లా మిర్చి చేలల నుంచి ఛత్తీస్‌గఢ్‌లోని ఇంటికి నడిచి వెళ్తూ 12 ఏళ్ల పిల్ల దారిలోనే చనిపోయింది. ఆ చావును ఎవరి లెక్కలో రాస్తారు?

పాత సంచిక:
నా లెక్కలోనే. లాఠీ వేళకు వచ్చింది, బస్సు రాలేదు.

రెండో షిఫ్టు:
బస్సు రాలేదనేగా నేనూ అంటున్నది! బస్సు పంపాలన్నా ప్రభుత్వమే కావాలి. దాన్ని ఎలా రప్పించాలో మీ తాత్వికుడు ఒక్క వాక్యం రాశాడా? 2021 అక్టోబరులో ఇటలీ సెనేట్ ముందుకు వెళ్లి గ్రీన్ పాస్‌ను (అక్కడి కోవిడ్ టీకా, పరీక్షల ధ్రువపత్రాన్ని) మాత్రం తిట్టాడు.

పాత సంచిక:
ప్రభుత్వాన్ని రప్పించాక వెనక్కి ఎలా పంపిస్తారో మీరు చెప్పండి, ముందు.