సమస్యాపూరణం: “విద్య నశియించు గురువును వీడకున్న”

సమస్య ఇచ్చినవారు:
ఈ తేటగీతి పాదాన్ని ‘ఉపనిషత్తు’ అన్న మాట అర్థాన్నో, పుట్టుకనో ఆసరా చేసుకొని పూరించవలసిందిగా మనవి. ఉప, ని అనే ఉపసర్గలు సద్ ధాతువుతో చేరి గురువు దగ్గర కూర్చోవడాన్ని చెబుతాయన్నది అందరూ ఎరిగినదే కనుక, అక్కడితో ఆగకండి.

మొదటి పూరణ:
సదను ధాతువు చెప్పు నాశమును, గతిని;
సడలఁ జేయుటయును దాని సారమగును;
కాన నుపనిషత్తను మాటఁ గనిన మన య
విద్య నశియించు గురువును వీడకున్న.

సమీక్ష:
పై పాదం చివర ‘య’ నిలిపి విద్యను అవిద్యగా మార్చడం పాత నేర్పే అయినా, ఇక్కడ దానికి శాస్త్రబలం ఉంది. ధాతువుల అర్థాలను చెప్పే ధాతుపాఠం ఈ ధాతువుకు విశరణ (నాశం), గతి (చేరడం), అవసాదనాలనే (సడలజేయడం) అర్థాలు చెప్పగా, శంకరులు కఠోపనిషద్భాష్యం మొదట్లో వాటినే పట్టుకొని, అవిద్యాది సంసారబీజాన్ని నశింపజేసేదీ బ్రహ్మాన్ని చేర్చేదీ అయిన విద్యకే ఆ పేరన్నారు. మూడర్థాలూ రెండు పాదాల్లో ఇమిడాయి. ‘సారమగును’ మాత్రం యతి కోసం వచ్చి కూర్చున్నదే.

రెండవ పూరణ:
దేహమే యాత్మ యని యేఁగె దితిజవరుఁడు;
నూటయొక్క వత్సరములు నోమువోలె
నింద్రుఁ డుండి తత్త్వముఁ గనె, నెట్టు లకట
విద్య నశియించు గురువును వీడకున్న?

సమీక్ష:
కాకువుతో, అంటే ప్రశ్నించే గొంతుతో అర్థాన్ని తిప్పి, విప్పిన తీరు హాయిగా ఉంది. శోకాన్ని తెలిపే ‘అకట’కు ఇక్కడ పనిలేదు, ‘ఎట్టు లింక’ అన్నా గణం చెడదు. అసలు చిక్కు వేరు. ఛాందోగ్యోపనిషత్తు ఎనిమిదవ అధ్యాయంలో ఆత్మను తెలుసుకోగోరి ఇంద్రుడూ అసురుడైన విరోచనుడూ ప్రజాపతి దగ్గరకు వెళ్లారు; దేహమే ఆత్మ అనుకొని విరోచనుడు తిరిగి రాలేదు, ఇంద్రుడు మాత్రం 32 ఏళ్ల చొప్పున మూడు విడతలు ప్రజాపతి దగ్గర ఉండి, ప్రతిసారీ వెళ్లిపోయి, సందేహం కలిగి దారిలోనే వెనుదిరిగి, చివరకు మరో 5 ఏళ్లు ఉన్నాడు. మరి ‘వీడకున్న’ ఎలా పొసగుతుంది?

పూరణకర్త:
సందేహంతో తిరిగి వచ్చినవాణ్ణి వీడినవాడనలేము, వీడినవాడు విరోచనుడే. ‘ఎట్టు లింక’ బాగుంది, ఉంచుకుంటాను.

మరొక సభ్యుడు:
ఆ కథలోనే విరోచనుని దేహాత్మవాదాన్ని కూడా ‘అసురుల ఉపనిషత్తు’ అన్నారు. అవిద్యను నశింపజేసేదన్న అర్థం అక్కడ కుదరదు, గూఢోపదేశమన్నదే కుదురుతుంది. సంస్కృత నిఘంటువు అమరకోశం ‘ధర్మే రహస్యుపనిషత్’ అంటున్నది, అంటే ధర్మం, రహస్యం అన్న అర్థాల్లో ఉపనిషత్తు అనే మాట ఉందని. విషప్రయోగాలూ మాయోపాయాలూ చెప్పే, కౌటిల్యుని అర్థశాస్త్రంలోని పద్నాలుగవ అధికరణానికి ‘ఔపనిషదికం’ అని పేరు. కనుక మొదటి పూరణ శంకరుల వ్యుత్పత్తికి అచ్చంగా సరిపోయినా, వాడుక తోవ మాత్రం రహస్యం వైపే సాగింది. 1657లో మొగలు రాకుమారుడు దారా షికో పారశీకంలోకి తెచ్చిన యాభై ఉపనిషత్తుల సంపుటి పేరు ‘సిర్రె అక్బర్’, అంటే మహారహస్యం.