వరుసగా ఓడుతుంటే కోచ్‌ను మార్చాల్సిందేనా? తప్పు ఎవరిదో తేల్చేదెలా?

లాంగాన్_ఫీల్డర్ (ప్రశ్న):

టీమ్ నాలుగు మ్యాచ్‌లు ఓడితే చాలు, కోచ్‌ను పీకేయండి, మేనేజ్‌మెంట్ దిగిపోవాలి అని అన్నిచోట్లా ఒకటే గోల. క్రికెట్ లీగ్ అయినా, ఫుట్‌బాల్ లీగ్ అయినా తేడా లేదు. ఆ కోపాన్ని నేను తప్పుపట్టను. టికెట్ కొనేదీ, అర్ధరాత్రి దాకా మేలుకొని చూసేదీ, మర్నాడు మాటలు పడేదీ ఫ్యాన్సే కదా. కానీ కోపం ఎవరి మీద చూపాలో తెలియకుండా అరిస్తే ఒరిగేదేమీ లేదు.

నాకు మూడు విషయాలు తెలియాలి. ఓటములకు కోచ్ కారణమా, జట్టు ఎంపికే తప్పా, లేక కాలం కలిసిరాకపోవడమా అన్నది బయటి నుంచి చూసే మనం ఎలా తేల్చుకోవాలి? సీజన్ మధ్యలో కోచ్‌ను మారిస్తే నిజంగా ఫలితం ఉంటుందా? మేనేజ్‌మెంట్‌కు ఫ్యాన్స్ మాట చెవికెక్కాలంటే ఏం చేయాలి? లెక్కలు, ఉదాహరణలతో చెప్పగలిగినవాళ్లు చెప్పండి. తిట్లు వద్దు, వాటికి వేరే థ్రెడ్లు ఉన్నాయి.

పవర్‌ప్లే_లెక్కలు:

మొదట అదృష్టం సంగతి తేల్చుకుందాం, ఎందుకంటే దాన్ని అందరూ తక్కువ అంచనా వేస్తారు. ఐపీఎల్‌లో ఒక జట్టు లీగ్ దశలో ఆడేది 14 మ్యాచ్‌లు. ప్రతి మ్యాచ్‌లోనూ గెలుపు అవకాశం సరిగ్గా సగం ఉన్న జట్టును తీసుకోండి. అది 14లో నాలుగో అంతకన్నా తక్కువో గెలిచే అవకాశం దాదాపు 9 శాతం. అంటే పది జట్లూ సమానంగా ఉన్న లీగ్‌లో కూడా దాదాపు ప్రతి సీజన్‌లో ఒక జట్టు ఏ తప్పూ లేకుండానే అట్టడుగుకు చేరుతుంది. ఆ జట్టు కోచ్ మీదా అదే గోల లేస్తుంది.

అందుకని గెలుపోటములు పక్కన పెట్టి, ఎలా ఓడారో చూడండి. టీ20ని మూడు ముక్కలు చేయండి: 1–6 ఓవర్లు, 7–15, 16–20. ఒక్కో ముక్కలో మనం కొట్టిన రన్‌రేట్, ఇచ్చిన రన్‌రేట్, పడిన వికెట్లు, తీసిన వికెట్లు రాసుకోండి. ఏడెనిమిది మ్యాచ్‌లు రాసేసరికి నొప్పి ఎక్కడుందో కనిపిస్తుంది. అన్ని ముక్కల్లోనూ కొద్దికొద్దిగా వెనకబడితే జట్టులో సత్తువే తక్కువ. ఒకే ముక్కలో, ఒకే రకంగా, మ్యాచ్ తర్వాత మ్యాచ్ దెబ్బ తింటూ, మార్పు లేకుండా అదే పదకొండు మంది, అదే బౌలింగ్ వరుస కనిపిస్తే అది కోచ్, కెప్టెన్ల లెక్కలోకి వస్తుంది.

నెట్ రన్‌రేట్ (సీజన్ మొత్తంలో మనం ఓవర్‌కు కొట్టిన పరుగుల్లోంచి ఓవర్‌కు ఇచ్చినవి తీసేస్తే వచ్చేది) కూడా చూడండి గానీ ఒక జాగ్రత్త. ఆలౌట్ అయిన జట్టుకు ఆడిన ఓవర్లు కాకుండా పూర్తి 20 ఓవర్లూ లెక్కేస్తారు. ఒక్క మ్యాచ్‌లో 12 ఓవర్లకే కుప్పకూలితే ఆ మచ్చ సీజన్ అంతా ఉంటుంది. ఆ మ్యాచ్ తీసేసి ఒకసారి, ఉంచి ఒకసారి లెక్కేసుకోండి.

ఎలా ఓడారో చూడాలనడానికి 2024 ఐపీఎల్‌లో బెంగళూరు జట్టును మించిన ఉదాహరణ లేదు. మొదటి ఎనిమిది మ్యాచ్‌ల్లో ఏడు ఓడింది. కోచ్ ఆండీ ఫ్లవర్‌కు అదే తొలి సీజన్. ఆ ఓటముల్లో రెండు చూడండి. హైదరాబాద్‌కు 287 ఇచ్చి, తిరిగి 262 కొట్టింది. కోల్‌కతా మీద 222 ఛేదిస్తూ 221 దగ్గర ఆగి ఒక్క పరుగుతో ఓడింది. బ్యాటింగ్ నిలబడే ఉంది, బౌలింగే చిల్లుపడింది. పట్టికలో ఆఖరి స్థానం మాత్రమే చూసినవాడికి ఇది తెలియదు. తర్వాత స్వప్నిల్ సింగ్ అనే ఎడమచేతి స్పిన్నర్‌ను జట్టులోకి తెచ్చారు, బ్యాటర్ విల్ జాక్స్‌ను పైవరుసలోనే కొనసాగించారు, మరో బ్యాటర్ రజత్ పాటీదార్ స్పిన్నర్ల మీద విరుచుకుపడ్డాడు. వరుసగా ఆరు గెలిచి, 14 పాయింట్లతో ఉన్న చెన్నైని నెట్ రన్‌రేట్‌లో దాటి ప్లేఆఫ్స్‌కు వెళ్లింది. మరుసటి ఏడాది, 2025లో, అదే కోచ్‌తో తొలి టైటిల్ కొట్టింది. ఎనిమిదో మ్యాచ్ దగ్గరే కోచ్‌ను పంపించి ఉంటే ఇదంతా మరో రకంగా ఉండేది.

ఫుట్‌బాల్‌లో అయితే ఎక్స్‌జీ చూడండి. ఒక్కో షాట్ గోల్ అయ్యే అవకాశాన్ని 0 నుంచి 1 మధ్య అంకెగా చెప్పేదే అది. పెనాల్టీకి సుమారు 0.78 వేస్తారు. పదీ పన్నెండు మ్యాచ్‌ల్లో మన ఎక్స్‌జీ లోంచి ప్రత్యర్థిది తీసేయండి. అది పాజిటివ్‌గా ఉండి పాయింట్లు రాకపోతే ఫినిషింగో, గోల్‌కీపరో, దురదృష్టమో. అది కూడా పడిపోతుంటే ఆట నిజంగానే పాడవుతోంది. 2020–21లో ఇంగ్లిష్ ప్రీమియర్ లీగ్ జట్టు బ్రైటన్ 41 పాయింట్లతో 16వ స్థానంలో ముగించింది, కానీ అవకాశాల లెక్కలో చాలా పైన ఉంది. మేనేజ్‌మెంట్ అది చూసి కోచ్ గ్రాహమ్ పాటర్‌ను కదపలేదు. తర్వాతి సీజన్ 51 పాయింట్లు, 9వ స్థానం.

బోర్డ్‌రూమ్_వాచ్:

పై లెక్కలు బాగున్నాయి. పాటర్ కథ అక్కడితో అయిపోలేదు, మీ మొదటి ప్రశ్నకు అసలు జవాబు అందులోనే ఉంది. 2022 సెప్టెంబర్‌లో ఆయన్ను మరో ఇంగ్లిష్ క్లబ్ చెల్సీ తీసుకుంది, 2023 ఏప్రిల్‌లో తీసేసింది. మధ్యలో ఒక్క జనవరి ట్రాన్స్‌ఫర్ విండోలోనే (ఆటగాళ్లను కొనుక్కోవడానికి ఇచ్చే గడువు) ఎనిమిది మంది ఆటగాళ్లతో సంతకాలు చేయించింది. మనిషి అతనే, రెండు క్లబ్బులు, రెండు ఫలితాలు. తేడా ఎక్కడుందో ఆలోచించండి. బ్రైటన్‌లో ఎలాంటి ఆట ఆడాలో ముందే తేల్చుకుని, దానికి తగ్గ ఆటగాళ్లనూ, దానికి తగ్గ కోచ్‌నూ వెతుక్కుంటారు. రెండో చోట ఆటగాళ్లను కుప్పపోసి, వాళ్లతో ఏదో ఒకటి చేయమన్నారు.

అందుకే కోచ్ పేరు చూసేముందు మేనేజ్‌మెంట్‌ను ఇలా కొలవండి. గత ఐదేళ్లలో వచ్చిన కోచ్‌లందరి పేర్లూ వరుసగా రాయండి, పక్కన వాళ్ల ఆట తీరు రాయండి. ఒకడు బంతి దగ్గర పెట్టుకుని ఆడించేవాడు, తర్వాతివాడు వెనక్కి తగ్గి, బంతి దొరగ్గానే ఎదురుదాడి చేయించేవాడు, ఆ తర్వాతివాడు ముగ్గురు డిఫెండర్ల మనిషి అయితే, ఆ క్లబ్‌కు దారీతెన్నూ లేదు. ప్రతి కోచ్‌కూ ముందువాడు కొన్న ఆటగాళ్లే మిగులుతారు. తర్వాత కాంట్రాక్టులు చూడండి: ముప్పై దాటినవాళ్లకు నాలుగేళ్ల ఒప్పందాలు ఎన్ని ఇచ్చారు, ముఖ్యమైనవాళ్లలో ఎందరి ఒప్పందం ఆఖరి ఏడాదికి వచ్చింది. ఈ రెండూ కోచ్ చేతిలో ఉండేవి కావు.

మాంచెస్టర్ యునైటెడ్ 2024లో చేసింది చూస్తే నాకు కడుపు మండుతుంది. జులైలో కోచ్ ఎరిక్ టెన్ హాగ్ ఒప్పందాన్ని 2026 దాకా పొడిగించారు. అక్టోబర్ 28న పంపించేశారు. ఆయనకూ, సహాయ సిబ్బందికీ చెల్లించింది 1.04 కోట్ల పౌండ్లు. అదే జులైలో వచ్చిన స్పోర్టింగ్ డైరెక్టర్ (ఆటగాళ్ల కొనుగోళ్లు చూసే అధికారి) డాన్ ఆష్‌వర్త్ డిసెంబర్‌లో వెళ్లిపోయాడు, దానికి మరో 41 లక్షల పౌండ్లు. నవంబర్‌లో కొత్త కోచ్‌గా రూబెన్ అమోరిమ్‌ను తెచ్చారు. ఆయనది ముగ్గురు సెంటర్‌బ్యాక్‌లు (మధ్యలో ఆడే డిఫెండర్లు), ఇద్దరు వింగ్‌బ్యాక్‌ల (అంచుల్లో వెనకా ముందూ పరిగెత్తేవాళ్లు) పద్ధతి. ఉన్న జట్టు నలుగురు డిఫెండర్లతో ఆడేలా కొన్న జట్టు. వింగర్లకు (అంచుల్లో దాడి చేసేవాళ్లకు) చోటు లేదు, సరైన వింగ్‌బ్యాక్‌లు లేరు, సీజన్‌కు ముందు శిక్షణ సమయం లేదు, మూడు రోజులకో మ్యాచ్. 42 పాయింట్లు, 15వ స్థానం. ఆ సీజన్‌లో ఫ్యాన్స్ ముందుగా నిలదీయాల్సింది జులై నిర్ణయం తీసుకున్నవాళ్లను.

క్రికెట్ ఫ్రాంచైజీల్లో ఇది ఇంకా బిగుసుకుంటుంది. వేలం అయిపోయాక జట్టు దాదాపు గడ్డకట్టినట్టే. ఐపీఎల్ తుది జట్టులో విదేశీయులు నలుగురికి మించకూడదు. వేలంలో డబ్బంతా పైవరుస బ్యాటర్ల మీద పోసి, డెత్ ఓవర్లు, అంటే ఆఖరి ఓవర్లు, వేసే భారత పేసర్‌ను కొనకపోతే, ఏప్రిల్‌లో ఏ కోచ్ వచ్చినా ఆ ఓవర్లు ఎవరితో వేయిస్తాడు? విదేశీ పేసర్‌ను దింపితే ఒక విదేశీ బ్యాటర్ బయటికి పోవాలి. కాబట్టి వేలం టేబుల్ దగ్గర ఎవరు కూర్చున్నారు, ఆఖరి మాట ఎవరిది అన్నది మొదట కనుక్కోండి.

ఎక్స్‌ట్రా_టైమ్:

ఇద్దరితోనూ కొంత విభేదిస్తున్నాను. ఓపిక పట్టండి అని చెప్పడం తేలిక, కానీ కొన్నిసార్లు మార్పు పనిచేస్తుంది. చెల్సీ 2012 మార్చిలో కోచ్ విలాస్-బోయాస్‌ను తీసేసి డి మాటియోకు అప్పగిస్తే మేలో ఛాంపియన్స్ లీగ్ (యూరప్ క్లబ్బుల అతిపెద్ద కప్) గెలిచింది. 2021 జనవరిలో లాంపార్డ్ స్థానంలో టుఖెల్ వస్తే మళ్లీ మేలో అదే కప్. క్రికెట్‌లో కెప్టెన్ మార్పూ అలాగే పనిచేసింది: ముంబైలో 2013 సీజన్ నడుస్తుండగానే పాంటింగ్ తప్పుకుని రోహిత్ కెప్టెన్ అయ్యాడు, ఆ ఏడాదే తొలి ఐపీఎల్ టైటిల్.

అయితే మార్పు చూసి మోసపోకూడదు కూడా. 2018లో ఢిల్లీలో కెప్టెన్ గంభీర్ తప్పుకుని శ్రేయస్ వచ్చినా జట్టు ఆఖరి స్థానంలోనే ముగించింది. ఇంగ్లిష్ ఫుట్‌బాల్ క్లబ్ లెస్టర్ సంగతి ఇంకా ముఖ్యం. 2016లో లీగ్ గెలిపించిన కోచ్ రానియేరిని 2017 ఫిబ్రవరిలో తీసేశారు, అప్పటికి కింది డివిజన్‌కు జారే గీతకు ఒకే పాయింట్ పైన ఉన్నారు. సహాయకుడు షేక్‌స్పియర్ రాగానే లీగ్‌లో వరుసగా ఐదు గెలిచారు, 12వ స్థానంలో ముగించారు. ఆ ఊపు చూసి జూన్‌లో మూడేళ్ల ఒప్పందం ఇచ్చారు. అక్టోబర్‌లో ఆయన్నూ తీసేశారు.

ఎందుకిలా అంటే, కోచ్‌ను తీసేసేది సాధారణంగా జట్టు ఫలితాలు బాగా పడిపోయినప్పుడే. అక్కడి నుంచి ఎలాగూ కొంత పైకి వస్తుంది, కొత్తవాడికి ఆ పేరు దక్కుతుంది. డచ్ లీగ్‌లో 1986 నుంచి 2004 దాకా జరిగిన మార్పులను ఆర్థికవేత్త బాస్ టర్ వీల్ పరిశీలించాడు. ఇంతే ఘోరంగా పడిపోయి కూడా కోచ్‌ను ఉంచుకున్న జట్లతో పోల్చి చూశాడు. మార్చినవాళ్లు అదనంగా బాగుపడిందేమీ లేదని తేలింది.

మరి ఎప్పుడు మార్చాలి? నా వరకు మూడు గుర్తులు. పదిహేను మ్యాచ్‌ల ఎక్స్‌జీ తేడా ఆగకుండా కిందికి జారుతుండటం. కార్నర్లు, ఫ్రీకిక్‌ల మీద ఒకే తరహా గోల్స్ పదేపదే తినడం, ఎందుకంటే అది వారంలో శిక్షణతో సరిదిద్దగలిగేది. మూడోది కళ్లతో చూడాలి: బంతి పోగొట్టుకున్న తర్వాత ఐదారు సెకన్లు ముందువరుస ఆటగాళ్లు వెనక్కి పరిగెడుతున్నారా, చేతులు నడుం మీద పెట్టుకుని నిలబడుతున్నారా? టీవీలో కెమెరా బంతి వెంట పోతుంది కాబట్టి ఇది స్టేడియంలోనే బాగా తెలుస్తుంది. మూడూ కలిస్తే ఆటగాళ్లు కోచ్ మాట వినడం మానేశారని అర్థం. అప్పుడు ఓపిక పట్టడం వల్ల లాభం లేదు.

లాంగాన్_ఫీల్డర్:

చాలా ఉపయోగపడింది, అందరికీ థాంక్స్. మూడో ప్రశ్న మిగిలింది. నిర్ణయాలు తీసుకునేవాళ్ల దాకా ఫ్యాన్స్ మాట వెళ్లడం ఎలా?

నార్త్_స్టాండ్:

ఫ్యాన్స్ గెలిచిన సందర్భాలు తీసి చూస్తే అన్నిట్లోనూ ఒక పోలిక ఉంది: కోరిక ఒక్కటే, అవునో కాదో చెప్పగలిగేది, మేనేజ్‌మెంట్ చేతిలో ఉన్నది.

2016 ఫిబ్రవరిలో ఇంగ్లిష్ ఫుట్‌బాల్ క్లబ్ లివర్‌పూల్ అత్యధిక టికెట్ ధర 77 పౌండ్లు చేయబోయింది. సండర్లాండ్‌తో మ్యాచ్‌లో సరిగ్గా 77వ నిమిషంలో సుమారు పదివేల మంది లేచి బయటికి నడిచారు. కొన్ని రోజుల్లోనే యజమానులు క్షమాపణ చెప్పి ధర వెనక్కి తీసుకున్నారు. 2024 ఫిబ్రవరిలో జర్మనీలో ఫుట్‌బాల్ లీగ్ ప్రసార హక్కుల ఆదాయంలో వాటాను పెట్టుబడిదారులకు ఇవ్వబోతే, స్టాండ్స్ నుంచి టెన్నిస్ బంతులు విసిరి మ్యాచ్‌లు ఆపించారు. అది టీవీ సమయానికి దెబ్బ, ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. చర్చలు ఆగిపోయాయి. అక్కడి క్లబ్బుల్లో సభ్యులకు ఓట్ల ఆధిక్యం ఉండాలన్న 50+1 నియమం ఉంది కాబట్టి ఫ్యాన్స్ మాటకు బరువు ఇంకా ఎక్కువ. అలాంటి నియమం లేనిచోట ఇంకా పద్ధతిగా వెళ్లాలి.

ఎదురు తిరిగేవి కూడా చెప్తాను. స్కోరు 0–0 ఉండగా సొంత ఆటగాడి పేరెత్తి హేళన చేస్తే వాడు రిస్కు తీసుకోవడం మానేస్తాడు, బంతి వెనక్కే ఇస్తాడు, జట్టు ఇంకా చతికిలబడుతుంది. నిరసన మ్యాచ్‌కు ముందో, తర్వాతో, ముందే ప్రకటించిన నిమిషంలోనో పెట్టుకోండి. ఆటగాళ్ల ఇంట్లోవాళ్లను సోషల్ మీడియాలో తిట్టడం తప్పు, అంతే. పైగా మేనేజ్‌మెంట్‌కు అది వరం, ఎందుకంటే మర్నాడు వార్తలన్నీ తిట్ల మీదే ఉంటాయి, మీ ప్రశ్న ఎవరికీ గుర్తుండదు.

ప్రశ్న రాసే పద్ధతి: "కోచ్‌ను తీసేయండి" అని రాయకండి, దానికి "మా పూర్తి మద్దతు ఉంది" అనే ఒక్క వాక్యం జవాబుగా వస్తుంది. "జట్టు ఎంపికలో ఆఖరి మాట ఎవరిది? గత రెండు వేలాల్లో డెత్ బౌలర్‌ను ఎందుకు కొనలేదు? వచ్చే విండోకు ముందు ఏ స్థానాలు నింపుతారు?" అని అడగండి. పైన పవర్‌ప్లే_లెక్కలు చెప్పిన మూడు ముక్కల పట్టికను ఒక్క పేజీలో జతచేయండి. అభిమాన సంఘం తరఫున ఒకే లేఖగా వెళ్లాలి, అదే కాపీ స్పోర్ట్స్ విలేఖరులకు, జెర్సీ స్పాన్సర్‌కు కూడా చేరాలి.

సమయం కూడా చూసుకోండి. వేలానికో, ట్రాన్స్‌ఫర్ విండోకో నెలా రెండు నెలల ముందు అడిగితే మార్చుకునే వీలుంటుంది. సీజన్ టికెట్ల రెన్యువల్ మొదలయ్యే వారం ఇంకా మంచిది, ఆ వారంలో వాళ్లు ప్రతి మెయిలూ చదువుతారు.