గాలివానకు కప్పు లేచిపోయింది. మళ్లీ రేకుల ఇల్లే కట్టాలి, డబ్బు ముందు ఎక్కడ పెట్టాలి?

రెండు గదులు:
మొన్నటి తుపానులో మా ఇంటి కప్పు పోయింది. రాత్రి రెండింటప్పుడు వరండా చివర రేకు ఒకటి టపటపా కొట్టుకోవడం మొదలైంది. పది నిమిషాలు కూడా కాలేదు, కప్పు మొత్తం వాసాలతో సహా లేచి పక్క స్థలంలో పడింది. నేనూ అమ్మా మంచం కింద దూరి బతికాం. తెల్లారేసరికి ఇంట్లో మోకాలి పైదాకా నీళ్లు, వెనక గోడ కూలిపోయి ఉంది.

చేతిలో ఉన్న డబ్బుకు స్లాబ్ పడదు. గోడలు మందంగా కట్టుకుంటే చాలని ఒకరు, స్లాబుకు సరిపడా కూడేదాకా ఆగమని ఇంకొకరు అంటున్నారు. ఆగితే ఎక్కడ ఉంటాం? మబ్బు పడితే చాలు, అమ్మకు టెన్షన్. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

గట్టు మీద:
మీకు తెలిసినంతలో నీళ్లు ఎంత ఎత్తుకు వచ్చాయో గుర్తు పెట్టి, బేస్‌మెంట్ దానికంటే పైకి లేపండి. గోడల సంగతి ఆ తర్వాత.

పాత మేస్త్రి:
ముప్పై ఏళ్లుగా ఇళ్లు కడుతున్నాను. తుపాను వెలిశాక కూలిన ఇళ్లు చూసి రావడం నాకు అలవాటు. గోడ సన్నగా ఉండి కూలిన ఇళ్ల కంటే, కప్పుకూ గోడకూ కట్టు లేక కూలిన ఇళ్లే ఎక్కువ చూశాను. అందుకే మందం మీద డబ్బు పోయకండి, కట్టు మీద పెట్టండి.

లెక్క చూడండి. గంటకు 180 కిలోమీటర్ల గాలి అంటే సెకనుకు 50 మీటర్లు. దాని ఒత్తిడి చదరపు మీటరుకు దాదాపు 150 కిలోలు. కప్పు మీదుగా పోయే గాలి చాలా చోట్ల కిందికి నొక్కదు, పైకి పీలుస్తుంది. 20 చదరపు మీటర్ల కప్పు మీద అది మూడు టన్నుల దాకా రావచ్చు. రేకులూ వాసాలూ కలిపినా ఆ దరిదాపుల్లో బరువు ఉండదు. బరువుతో ఆగదు కాబట్టి కట్టి ఆపాలి.

రేకును దాని కింద అడ్డంగా ఉండే పట్టెకు జే బోల్టుతో, అంటే కొక్కెంలా వంగిన బోల్టుతో బిగించాలి. బోల్టు రేకు గుబ్బ మీద పడాలి, నట్టు కింద వాషర్ ఉండాలి. పట్టెను వాసానికి, వాసాన్ని గోడ మీది కాంక్రీటు బెల్టుకు ఇనుప పట్టీతో కట్టాలి. ఆ బెల్టు నుంచి మూలమూలకూ 12 ఎం.ఎం. కడ్డీ పునాది దాకా దిగాలి. ఇందులో ఒక్క చోట వదిలేసినా మిగతా ఖర్చంతా వృథా. అంచుల్లో, మూలల్లో, కొప్పు దగ్గర పీలుడు ఎక్కువ, అక్కడ బోల్టులు దగ్గర దగ్గరగా వేయించండి.

మీరు వరండా మాట చెప్పగానే నాకు అర్థమైంది. ఇంటి కప్పునే వరండా మీదికి సాగదీసి ఉంటారు. తెరిచి ఉన్న వరండాలో గాలి కింద నుంచి తోస్తుంది, పైన పీలుస్తుంది. వరండాకు విడిగా కప్పు వేయండి. అది పోయినా ఇల్లు మిగులుతుంది. చూరు పొడవు తగ్గించండి. వీలైతే నాలుగు వైపులా వాలు పెట్టి, వాలు 30 డిగ్రీలకు దగ్గరగా ఉంచండి. తలుపుల గడియలూ గట్టివి కావాలి. ఎదురుగాలికి తలుపు ఊడితే గాలి లోపల నిండి కప్పును పైకి తోసేస్తుంది.

రెండు గదులు:
మేస్త్రిగారూ, మీరన్నది నిజమే, ఒకటే కప్పు. కూలిన చోట చూస్తే దూలాన్ని గోడ మీద ఊరికే ఆనించి చుట్టూ సిమెంటు పూశారు, అంతే. కడ్డీ అన్నదే లేదు. మరి వెనక గోడ నీళ్లకు ఎందుకు పోయింది?

ఏటి ఒడ్డు:
బయట మీటరు ఎత్తు నీళ్లు నిలిచి లోపల లేకపోతే, మూడు మీటర్ల పొడవు గోడ మీద దాదాపు ఒకటిన్నర టన్నుల తోపుడు. ప్రవాహం ఉంటే ఇంకా ఎక్కువ. గోడ అడుగున ఎదురెదురుగా కన్నాలు వదిలితే నీళ్లు లోపలికీ వచ్చి రెండు వైపులా సమం అవుతాయి. ఇల్లు తడుస్తుంది కానీ గోడ నిలుస్తుంది. మట్టితో కట్టిన గోడ అయితే కింది భాగం నాని జారుతుంది, అక్కడ సున్నమో సిమెంటో తప్పనిసరి.

అమ్మ కోసం ఒక మాట. బంగ్లాదేశ్‌లో మరీనా తబస్సుం అనే ఆర్కిటెక్ట్ నది లంకల్లో ఉండేవాళ్ల కోసం ‘ఖుది బారి’ అనే చిన్న ఇల్లు రూపొందించారు. వెదురు గడలు, వాటిని కలిపే ఉక్కు కీళ్లు, పైన ఒక అంతస్తు. వరద వస్తే పైకెక్కుతారు. నది ఒడ్డు కోస్తే విప్పి వేరే చోట నిలబెట్టుకుంటారు. మీరు అంత చేయక్కర్లేదు. ఒక గదిలో ఇద్దరు పడుకోగలిగేంత గట్టి అటక, దానికి అమ్మ ఎక్కగలిగే మెట్లు పెట్టించండి. నిచ్చెన వద్దు.

పాత మేస్త్రి:
అటక మాట నాకు తట్టలేదు, చాలా మంచి సలహా. దాని దూలాలు కప్పుకు వేలాడకుండా గోడలోకి దిగాలి. ఇంకో సంగతి, మూల కడ్డీలు పునాది పోసేటప్పుడే నిలబెట్టాలి, తర్వాత పెట్టడం కుదరదు. కాంక్రీటు పోసే ముందు ఫొటోలు తీసి ఇక్కడ పెట్టండి, చూసి చెబుతాను.