ఎంబెడెడ్, నెట్‌వర్కింగ్‌ల 25 ఏండ్లు పనిచేసినోళ్లు ఎవరన్నా ఉన్నరా? ఒక డౌటు

నయీంనగర్ పోరడు:
అందరికి నమస్తే. మాది హన్మకొండ. ఈసీఈ అయిపోయి మూడేండ్లాయె, ఇప్పుడు హైదరాబాద్‌ల ఒక చిన్న కంపెనీల ఫర్మ్‌వేర్ (మిషన్ల లోపలి చిప్పులను నడిపే కోడు) రాస్తున్న, బాయికాడ మోటర్లకు పెట్టే ఆటో స్టార్టర్లు, కరెంటు మీటర్ల డేటా పంపే గేట్‌వేలు, గివి మా ప్రొడక్టులు. ఎస్టీఎం32 చిప్పు, దాని మీద నడిచే ఫ్రీఆర్టీఓఎస్ అనే చిన్న ఆపరేటింగ్ సిస్టం, మీటర్లతోని మాట్లాడే మోడ్‌బస్ పద్ధతి, వీటి మీద పని. పని నాకు మస్తు ఇష్టమే గని మా బ్యాచోళ్లంత జావా, క్లౌడ్ దిక్కు పోయిన్రు, జీతం నాకంటే డబులు. మొన్న ఇంటికి పోతే బాపు అంటడు, ఎన్నేండ్లు గా వైర్లు పట్టుకొని కూసుంటవ్ రా అని. నేనేం చెప్పాల్నో తెల్వలే. నిజంగ ఈ లైన్ల రిటైర్ అయ్యేదాక ఉండొచ్చునా, లేకపోతే ఇప్పుడే బయటపడుడు మంచిదా? అనుభవం ఉన్నోళ్లు కొంచెం చెప్పుండ్రి.

పాత బోర్డు (కాజీపేట):
తమ్మి, నేను 1996ల మొదలువెట్టిన. బాలానగర్ దిక్కు ఒక షెడ్డు లాంటి కంపెనీ, 8051 అనే చిప్పు మీద పని, లోపల ర్యామ్ 128 బైట్లే, నువ్వు ఇప్పుడు ఒక మెసేజ్ బఫర్‌కు పెట్టేదానికంటే తక్కువ. ప్రోగ్రాం ఈప్రామ్ అనే మెమరీ చిప్పుల కాల్చేటోళ్లం (అంటే రాసేటోళ్లం), ఒక్క లైన్ తప్పు పోతే చిప్పు తీసి యూవీ లైటు డబ్బల 20 నిమిషాలు పెట్టాలె, అది చెరిగినంక మళ్ల కాల్చాలె. అందుకే కాల్చే ముందు కోడు కాయితం మీద రెండుసార్లు చదివేటోళ్లం. ఆ అలవాటే ఇప్పటిదాక నాకు అన్నం పెడుతున్నది.

తర్వాత బెంగళూరు పోయి రౌటర్ సాఫ్ట్‌వేర్‌ల చేరిన. 2001ల టెలికాం మొత్తం కూలినప్పుడు మా టీంల సగం మందిని తీసేసిన్రు, అండ్ల నేనొకణ్ణి. ఏడు నెలలు ఖాళీగున్న, కాజీపేటల మా తమ్ముని కిరాణం కొట్టుల గల్లపెట్టె కాడ కూసున్న, అబద్ధం ఎందుకు. కాబట్టి భయం లేని లైను అని నేను చెప్ప.

కాని ఒక ముచ్చట చెప్త, దాంతోని నీకే అర్థమైతది. కొన్నేండ్ల కింద ఒక కంపెనీల ఉన్నప్పుడు మా డేటా బాక్సులు సబ్‌స్టేషన్లల్ల పెట్టినం. అన్ని మంచిగనే నడుస్తయి, ఎప్పుడో ఒకనాడు ఒక బాక్సు గమ్మున ఆగుతది, కరెంటు తీసి పెడితే మళ్ల లేస్తది. ఒకలు ఎర్తింగ్ అన్నరు, ఒకలు సిమ్ము అన్నరు, ఇంకొకలు పిడుగు అన్నరు. పవర్ సప్లైలు మార్చినం, సర్జ్ ప్రొటెక్టర్లు పెట్టినం, పైనోళ్లు వెండర్‌తోని కొట్లాటకు కూడ దిగిన్రు. ఎవ్వలు కోడు చూడలే, ఎందుకంటే కోడు "టెస్ట్ అయిపోయింది" కదా.

ఆఖరికి పెద్దపల్లి దిక్కు ఒక సైటుకు నేనే పోయిన. అక్కడి ఆపరేటర్ ఒక పాత నోట్‌బుక్కుల రాసుకున్నడు, బాక్సు ఆఫ్ ఆన్ చేసిన తారీఖులు: మార్చి 3, ఏప్రిల్ 22, జూన్ 11. లెక్కేస్తే 50, 50. సర్వర్‌ల చూస్తే డేటా రెండుసార్లు రాత్రి మూడింటికి ఆగింది, ఆయన పొద్దుగాల పదింటికి వచ్చి ఆన్ చేసిండు. అంటే ఆన్ చేసిన కాడ్నుంచి 49 రోజుల 17 గంటలు. నాకు అక్కడ్నే చెమటలు పట్టినయి. 32 బిట్ల కౌంటరు ఆన్ అయిన కాడ్నుంచి మిల్లీసెకన్లు లెక్కవెడితే సరిగ్గ అప్పుడే నిండి సున్నకు పడ్తది.

కోడుల ఏముంది? మీటర్‌ను డేటా అడిగిన స్టార్ట్ టైంకు రెండు సెకన్లు కలిపి, ఇప్పటి టైం దాన్ని దాటిందా అని చూస్తున్నరు. చివరి రెండు సెకన్లల్ల ఆ కూడిక చుట్టు తిరిగి చిన్న నంబరైతది, మీటర్ జవాబు ఇయ్యకముందే టైం అయిపోయిందనుకుంటది, మూడుసార్లు గట్లయితే మీటర్ సచ్చిపోయిందని రాసుకొని లైన్ బంద్ చేస్తది. ఇప్పటి టైంల నుంచి స్టార్ట్ టైం తీసేసి చూస్తే అయిపోతుండె, అన్‌సైన్డ్ (మైనస్ గుర్తు లేని నంబర్ల) తీసివేతకు చుట్టు తిరిగినా లెక్క తప్పది. ఒక్క లైను. దానికి మేం నాలుగు నెలలు తిరిగినం.

గీ కౌంటర్ కథ నేర్చినోడు ఏ చిప్పు వచ్చినా బతుకుతడు.

కరీంనగర్ అక్క:
నెట్‌వర్క్ దిక్కు నేను చెప్త, 19 ఏండ్లయింది. మా కాడ కూడ గిదే కథ. ఒక రాత్రి రెండు రౌటర్ల నడుమ ఓఎస్‌పీఎఫ్ (రౌటర్లు ఒకదానికొకటి దారులు చెప్పుకునే పద్ధతి) లేస్తలేదు, ఎక్స్‌స్టార్ట్ అనే మెట్టు కాడ్నే ఆగింది. అవతలోళ్లు "మేడం పింగ్ పోతుంది, లింకు మంచిగనే ఉంది, మీ దిక్కే ప్రాబ్లం" అని రెండు గంటలు వాదించిన్రు. పింగ్ అంటే లింకు ఉందా అని చూడనీకి పంపే చిన్న ప్యాకెట్. చిన్న పింగ్ ఎందుకు పోదు? ఒక దిక్కు ఎంటీయూ (ఒక్కసారి పోయే ప్యాకెట్ పెద్ద సైజు) 1500 బైట్లు, ఇంకో దిక్కు 9000. పెద్ద సైజుతోని, ముక్కలు చెయ్యొద్దని పెట్టి పింగ్ కొట్టమన్న, అప్పుడు ఫోన్‌ల సప్పుడు లేదు 😀

జీతం సంగతి నిజమే తమ్మి, మొదటి ఎనిమిదేండ్లు నా దోస్తులకంటే ఎనుకనే ఉన్న. నైట్ డ్యూటీలు, మెయింటెనెన్స్ విండోలు అన్ని పండుగల నాడే వస్తయి, బతుకమ్మ ఆడక నాకు ఎన్నేండ్లాయెనో.

మంచిర్యాల_485:
అందరు మంచి మంచి ముచ్చట్లు చెప్తున్నరు గని నేను ఉన్నది చెప్త. చిన్న కంపెనీల్నే పదేండ్లు ఒక్కటే బోర్డు మీద కూసుంటే పని అయిపోయినట్టే, నేను గట్లనే ఇరుక్కున్న. మూడు నాలుగేండ్లకు ఒకసారి పని మారాలె, కంపెనీ మారకున్నా సరే. మోడ్‌బస్ 1979ది, ఇప్పటికి పోలేదు, నిజమే, కాని అదొక్కటే వస్తే నిన్ను ఎవ్వలు అడగరు. రైల్వే సిగ్నలింగ్ దిక్కు చూడు, రైళ్లు గుద్దుకోకుంట ఆపే కవచ్ అన్నది మొత్తం ఎంబెడెడ్, రేడియో పనే, పట్టాల మీద ఆర్ఎఫ్ఐడీ ట్యాగులు, ఇంజన్‌ల కంప్యూటర్. మన సికింద్రాబాద్ డివిజన్ల్నే 2022 మార్చిల రెండు రైళ్లు ఎదురెదురుగ తోలి టెస్ట్ చేసిన్రు.

ఇంకోటి, మల్టీమీటర్ పట్టుకునుడు మానకు. మొన్న ఒక సైటుల ఆర్ఎస్-485 లైన్ (మీటర్ల డేటా పోయే రెండు వైర్ల లైను) పని చేస్తలేదని పిలిస్తే, పవర్ ఆఫ్ చేసి రెండు వైర్ల నడుమ ఓమ్స్ చూసిన, 40 వచ్చింది. రెండు కొసలకు 120, 120 ఓమ్స్ రెసిస్టర్లు ఉంటే 60 రావాలె. మధ్యల ఎవడో మూడోది పెట్టిండు. ల్యాప్‌టాప్ తెరవనే లేదు.

నయీంనగర్ పోరడు:
అందరికి థ్యాంక్స్. పాత బోర్డు అన్నా, మీది చదివి మా కోడుల వెతికిన. 11 చోట్ల గట్లనే ఉంది, అండ్ల నాలుగు నేనే రాసిన 😐 మోటర్ స్టార్టర్లకు మొదట్ల కరెంటు పోతుండె కాబట్టి రీసెట్ అయితుండె, 2018 నుంచి 24 గంటల కరెంటు, ఇప్పుడు 50 రోజులు ఆగకుంట నడిచేటివి కూడ ఉంటయి కదా? మా టెస్టింగోళ్లు రెండు రోజుల కంటే ఎక్కువ నడుపరు. 50 రోజులు కూసోవాల్నా?

పాత బోర్డు (కాజీపేట):
ఎందుకు కూసుంటవ్? బూట్‌ల కౌంటర్‌ను సున్న నుంచి కాకుంట, నిండనీకి ఇంకొక అయిదు నిమిషాలుందనంగ మొదలుపెట్టు. లైనక్స్ కెర్నల్ కూడ జిఫీస్ అనే తన టైం కౌంటర్‌ను గట్లనే పెడ్తది, తప్పు రాసినోడు చాయ్ తాగి వచ్చేలోపే దొరుకుతడు. రేపు చేసి చూసి ఏమైందో ఇక్కడ్నే రాయి.