రెగ్యులేటర్ 5లో పెట్టినా ఫ్యాన్ నీరసంగా తిరుగుతోంది: కండెన్సరా, వైండింగా?

ప్రశ్న:
హాల్లో 48 అంగుళాల మామూలు సీలింగ్ ఫ్యాను, ఎనిమిదేళ్ల పాతది. 5లో పెట్టినా రెక్కలు లెక్కపెట్టొచ్చు, అంత నెమ్మదిగా తిరుగుతోంది. శబ్దమేమీ లేదు. పక్క గదిలో ఫ్యాను మాత్రం బానే ఉంది. ఫోన్లో అడిగితే చూడకుండానే "వైండింగ్ పోయుంటుంది, దింపాలి" అన్నారు. నిజంగా దింపాల్సిందేనా? ఇంట్లో టెస్టరు, స్క్రూడ్రైవర్లు, మల్టీమీటరు ఉన్నాయి.

జవాబు:
వైండింగ్ (మోటారు లోపలి తీగ చుట్ట) సంగతి చివర్లో చూద్దామండీ. శబ్దం లేకుండా రోజురోజుకీ నెమ్మదించిందంటే ముందు అనుమానించాల్సింది కండెన్సర్‌నే (కెపాసిటర్ అనీ అంటారు, మోటారు తిరగడానికి ఊతమిచ్చే చిన్న భాగం). పక్క గదిలో ఫ్యాను బాగుంది కాబట్టి వోల్టేజీ తక్కువన్న అనుమానం లేదు. (వేసవి సాయంత్రాల్లో ఇంట్లో ఫ్యాన్లన్నీ ఒకేసారి నీరసిస్తే అది లైను గొడవే. 230 వోల్టులు 180కి పడితే మోటారు బలం ఇంచుమించు 60 శాతానికి పడిపోతుంది.)

రెగ్యులేటర్ మీద కూడా పెద్దగా అనుమానం అక్కర్లేదు. ఇప్పటి స్టెప్పు రెగ్యులేటర్లలో 5 దగ్గర కరెంటు నేరుగా ఫ్యానుకు పోతుంది. లోపలి భాగాలు పనిచేసేది 1 నుంచి 4 వరకే. రెగ్యులేటర్ చెడితే 5లో బాగా తిరిగి, మిగతా నంబర్లలో ఆగిపోవడమో, అన్నిట్లో ఒకే వేగంతో తిరగడమో కనిపిస్తుంది. మీది 5లోనే నెమ్మదిగా ఉంది.

ఎక్కే ముందు ఒక చిన్న పరీక్ష. స్విచ్ ఆపేసి, కర్రతో రెక్కను మెల్లగా తోయండి. తేలిగ్గా నాలుగైదు చుట్లు తిరిగి ఆగితే బేరింగులు బాగున్నట్టే. తోయగానే బిగుసుకున్నట్టు ఆగిపోతే బేరింగు ఎండిపోయింది. అప్పుడు కండెన్సర్ మార్చినా లాభం లేదు.

మరొకరు:
ఎక్కే ముందు కరెంటు ఆపే విషయం కూడా చెప్పాలి కదండీ. గోడ స్విచ్ ఒక్కటి ఆపితే చాలదు. కొన్ని ఇళ్లలో వైరింగ్ తారుమారై స్విచ్ న్యూట్రల్ (కరెంటు తిరిగి పోయే తీగ) మీద ఉంటుంది, ఆపినా ఫ్యాను దగ్గర ఫేజు (కరెంటు వచ్చే తీగ) బతికే ఉంటుంది. మెయిన్ దించండి. ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే అదీ ఆపాలి. మెయిన్ దించగానే ఇన్వర్టర్ "కరెంటు పోయింది" అనుకుని హాలు ఫ్యానుకు తానే 230 వోల్టులు పంపుతుంది. చాలామంది మరిచిపోయేది ఇదే. అన్నీ ఆపాక కూడా టెస్టరుతో ప్రతి తీగా చూడండి. ఆ టెస్టరు పనిచేస్తోందో లేదో మెయిన్ దించకముందే ఏదైనా ప్లగ్గులో పెట్టి చూసుకోండి.

జవాబు:
సరిగ్గా చెప్పారు. ఇక పని. ప్లాస్టిక్ కుర్చీ మీద ఎక్కొద్దు, స్టూలో నిచ్చెనో వేసుకుని కింద ఒకర్ని పట్టుకోమనండి. రాడ్డు మీది కప్పు స్క్రూ వదులు చేస్తే కప్పు జారుతుంది. కండెన్సర్ పై కప్పులో ఉంటుంది, లేదంటే మోటారు మీది కింది కప్పులో. తెల్లటి చిన్న డబ్బా, రెండు తీగలు.

విప్పేముందు ఫోటో తీసుకోండి, ఏ తీగ ఎక్కడుందో తెలిసేలా. తర్వాత కండెన్సర్ రెండు కొసలనీ ప్లాస్టిక్ పిడి ఉన్న స్క్రూడ్రైవర్‌తో ఒకసారి కలపండి. లోపల ఛార్జీ మిగిలి ఉంటే పోతుంది. మీటరులో కెపాసిటెన్స్ కొలిచే సౌకర్యం ఉంటే తీగలు విడదీసి చూడండి. మీద 2.5 ఎంఎఫ్‌డి (మైక్రోఫారడ్, కండెన్సర్ కొలత) అని ఉంటే మీటరు 2.4, 2.6 మధ్య చూపాలి. 2 కంటే తగ్గితే మార్చేయండి. ఉబ్బినా, కాలిన మరక ఉన్నా కొలవక్కర్లేదు. లోపలి పలచటి లోహపు పూత చిన్నచిన్న మెరుపులకు కొంచెం కొంచెంగా ఆవిరవుతూ పోతుంది. అందుకే ఫ్యాను ఒక్కసారిగా ఆగదు, నెలల తరబడి నీరసిస్తుంది.

మరొకరు:
షాపులో "3.15 వెయ్యండి, స్పీడు పెరుగుతుంది" అంటారు. పాతదాని మీద 3.15 ఉంటేనే వేయండి. 2.5 ఉన్నచోట పెద్దది పెడితే ఒక వైండింగ్‌లోకి కరెంటు ఎక్కువ పోయి మోటారు వేడెక్కుతుంది. వేగం మాత్రం పెద్దగా పెరగదు. వోల్టులు 440 అని ఉండాలి, 250ది చవగ్గా వచ్చినా వద్దు.

అడిగినవారు:
మీటరు 1.3 చూపించింది. 2.5, 440 వోల్టులది తెచ్చి వేశాను. వేగం వచ్చింది, కానీ ఉల్టా తిరుగుతోంది. గాలి పైకి పోతోంది. కింది కప్పులోంచి గరగరమని చప్పుడు కూడా.

జవాబు:
కండెన్సర్ బాగానే పనిచేస్తోంది, ఫేజు తప్పు కొసకు కలిసింది. మోటారు నుంచి మూడు తీగలు వస్తాయి. ఒకటి కామన్, న్యూట్రల్‌కు పోతుంది. మిగతా రెంటి మధ్య కండెన్సర్ ఉంటుంది. ఫేజు ఆ రెంటిలో ఒకదానికి కలవాలి. మీరు రెండో దానికి కలిపారు. మళ్లీ అన్నీ ఆపి, ఫేజు తీగను కండెన్సర్ అవతలి కొసకు మార్చండి. న్యూట్రల్‌ని కదపొద్దు. తీగల రంగులు కంపెనీకో రకం కాబట్టి రంగు చూసి కాదు, మీ ఫోటో చూసి కలపండి. కిందినుంచి చూస్తే మామూలుగా గడియారం ముల్లుకు ఎదురు దిశలో తిరగాలి.

గరగర ఎందుకంటే, సీలింగ్ ఫ్యానులో తిరిగేది మోటారు పై డొక్కే. కొత్త కండెన్సరో దాని తీగో కింది కప్పులో వేలాడి ఆ డొక్కను తాకుతోంది. అలాగే వదిలేస్తే తీగ తొడుగు అరిగి ఫ్యాను బాడీకి షాకు వస్తుంది. పాతది ఏ క్లిప్పులో ఉందో కొత్తదీ అందులోనే బిగించి, తీగలు ప్లాస్టిక్ టైతో రాడ్డుకు కట్టండి. అతుకులకు ఉత్త టేపు చాలదు, వేడికి జిగురు వదిలేస్తుంది. చిన్న స్క్రూ కనెక్టర్ వాడండి. ఎలాగూ ఎక్కుతారు కాబట్టి రాడ్డు రెండు చివర్లలో బోల్టు నట్లు, వాటి కాటర్ పిన్నులు (నట్టు ఊడిపోకుండా బోల్టు రంధ్రంలో పెట్టే పిన్నులు) ఉన్నాయో లేదో చూడండి. పిన్ను విరిగితే మేకు పెట్టి సరిపెట్టొద్దు.

మరొకరు:
కండెన్సర్ మార్చినా వేగం రానివాళ్లు వైండింగ్ చూసుకోవాలంటే: కరెంటు ఆపి, కండెన్సర్ విడదీసి, మూడు తీగలనూ రెండేసి చొప్పున ఓమ్స్‌లో కొలవండి. మూడు రీడింగులు వస్తాయి. చిన్నవి రెండూ కూడితే పెద్దది రావాలి. ఎక్కడైనా రీడింగే రాకపోతే తీగ తెగింది. ఏ తీగకైనా ఫ్యాను బాడీకీ మధ్య రీడింగు వస్తే ఫ్యానును మళ్లీ వేయొద్దు. అలాంటి పాత ఫ్యాను 75 వాట్ల దాకా లాగుతుంది, బీఎల్‌డీసీ ఫ్యాను (బ్రష్‌లెస్ డీసీ మోటారుతో తక్కువ కరెంటు లాగే కొత్త రకం) 30 వాట్లు. రోజుకు 12 గంటలు తిరిగితే నెలకు 16 యూనిట్ల తేడా. రీవైండింగ్ (తీగ మళ్లీ చుట్టించడం) ఖర్చు అడిగాక ఈ లెక్క వేసుకోండి. బీఎల్‌డీసీ తెస్తే మాత్రం గోడ రెగ్యులేటర్‌ని తప్పించి నేరుగా స్విచ్‌కి కలపాలి.

అడిగినవారు:
ఫేజు మార్చాను, తీగలు కట్టాను. సరిగ్గా తిరుగుతోంది, గరగర పోయింది. పైన కాటర్ పిన్ను బదులు నిజంగానే మేకు ఉంది.

జవాబు:
ఆ పిన్ను తెచ్చి వేసేదాకా ఫ్యాను ఆపి ఉంచండి, దాని కింద మంచం వేయకండి.