పసిబిడ్డ ఏడుపుకు క్రేనియల్ ఆస్టియోపతీ చేయించవచ్చా?

ప్రశ్న (బర్మింగ్‌హామ్‌లో ఉంటున్న తల్లి):
మా బాబుకు ఏడు వారాలు. సాయంత్రమయ్యేసరికి పిడికిళ్ళు బిగించి, కాళ్ళు కడుపులోకి ముడుచుకుని, ముఖం కందిపోయేలా గుక్కపట్టి ఏడుస్తున్నాడు. కాన్పులో ఫోర్‌సెప్స్ (బిడ్డ తలను పట్టి బయటికి తీసే పరికరం) వాడటం వల్ల తల ఎముకలు నొక్కుకుపోయాయనీ, క్రేనియల్ ఆస్టియోపాత్ (తలపై చేతులుంచి మృదువుగా చికిత్స చేసేవారు) సరిచేస్తారనీ స్నేహితురాలు చెబుతున్నారు. ఇంత లేత తలను పరాయి చేతికి ఇవ్వడానికి నాకు మనసొప్పడం లేదు. తెలిసినవారు దయచేసి చెప్పండి.

జవాబు (పిల్లల వైద్యురాలు):
అమ్మా, ముందు జీపీకి, అంటే మీ కుటుంబ వైద్యులకు, చూపించండి. ఈ వయసులో జ్వరం 38 డిగ్రీలకు చేరినా, ఆకుపచ్చగా వాంతి అయినా, విరేచనంలో రక్తం కనిపించినా, మాడు ఉబ్బినా వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి. అవేవీ లేకుండా బిడ్డ పాలు తాగి బరువు పెరుగుతూ ఉంటే, ఈ ఏడుపు ఆరు వారాల ప్రాంతంలో ఉధృతమై, సాధారణంగా మూడు నాలుగు నెలలకు దానంతటదే తగ్గుతుంది. అందుకే ఆ మధ్యలో చేయించిన ప్రతి చికిత్సా పనిచేసినట్లే కనిపిస్తుంది.

క్రేనియల్ ఆస్టియోపతీకి ఆద్యుడు అమెరికాకు చెందిన విలియం గార్నర్ సదర్లాండ్. ఆయన మిస్సోరీలోని కర్క్స్‌విల్‌లో ఆస్టియోపతీ (ఎముకలను, కండరాలను చేతులతో సరిచేసే చికిత్సా విధానం) చదువుతూ, పుర్రె ఎముకల అంచులు చేప మొప్పల్లా ఏటవాలుగా ఉండటం గమనించి, అవి లయబద్ధంగా కదలడానికే అలా అమరాయని భావించి, 1939లో ఆ సిద్ధాంతాన్ని ప్రచురించారు. అయితే ఒకే మనిషి తలపై ఇద్దరు నిపుణులు చేతులుంచి ఆ లయను లెక్కించిన పరీక్షల్లో వారి లెక్కలు కలవలేదు. నాకు ఇదే అన్నిటికన్నా బలమైన అభ్యంతరంగా తోస్తుంది.

జవాబు (లండన్ వాసి):
నేను మెడనొప్పికి ఈ చికిత్స చేయించుకున్నాను. వెల్లకిలా పడుకోబెట్టి, అరచేతులు తల కిందికి చేర్చి, మెడ పుర్రెతో కలిసేచోట వేళ్ళ కొసలు ఆనించి చాలాసేపు అలాగే ఉంచారు. తరువాత వెన్ను చివర త్రికాస్థి కింద చెయ్యి పెట్టారు. ఎముకలు విరిచిన చప్పుడేమీ లేదు. నాకు ఒళ్ళు తేలికపడి నిద్ర పట్టింది, కానీ ఎముకలు కదిలాయని మాత్రం చెప్పలేను. మీరు చేయించదలిస్తే జనరల్ ఆస్టియోపతిక్ కౌన్సిల్ జాబితాలో ఆ వ్యక్తి పేరు ఉందో లేదో చూడండి. 1993 చట్టం ప్రకారం అక్కడ నమోదైనవారే బ్రిటన్‌లో ఆస్టియోపాత్ అని చెప్పుకోవాలి. ఇటువంటి చికిత్సే చేసే కొందరు పెట్టుకునే క్రేనియోసాక్రల్ థెరపిస్టు అనే పేరుకు అటువంటి నిబంధన లేదు.

ప్రశ్నించినవారు:
ఇద్దరికీ ధన్యవాదాలు. రేపు జీపీ వద్దకు వెళ్తున్నాము. మా అత్తగారు వస్తున్నారు. నూనె పెట్టి తల గుండ్రంగా ఒత్తుతామంటున్నారు. అది చేయించవచ్చా?

పిల్లల వైద్యురాలు:
నూనె రాసి ఒళ్ళు మృదువుగా నిమరనివ్వండి, పుర్రెను మాత్రం ఒత్తనివ్వకండి, మాడుపై అదమనివ్వకండి. కాన్పులో సాగిన తల చాలావరకు కొద్ది వారాల్లో దానంతటదే సర్దుకుంటుంది. సాయంత్రం బిడ్డను అత్తగారి భుజాన వేసి, మీరు కాసేపు నిద్రపోండి.