హాస్పిస్‌లో సేవ చేస్తే మనకి ఆత్మతృప్తి దొరుకుతుంది అనొచ్చా?

ప్రశ్న అడిగినవారు:
మా ఆఫీసు గ్రూపులో ఒక మెసేజ్ వచ్చింది. హాస్పిస్‌లో, అంటే నయంకాని జబ్బుతో ఆఖరి రోజుల్లో ఉన్నవాళ్లని చూసుకునే చోట, కేన్సర్ చివరి దశలో ఉన్నవాళ్ల దగ్గర వారానికి రెండు గంటలు గడపండి, ఎంతో ఆత్మతృప్తి కలుగుతుందని. నాకు మింగుడుపడలేదు. ఒక మనిషి ప్రాణం పోతుంటే అక్కడికి మన తృప్తి కోసం వెళ్లడమేంటి? తమకేం దక్కిందో వాలంటీర్లు చెప్పుకోకపోవడమే మంచిదని నా అభిప్రాయం.

హైదరాబాద్ వాలంటీర్:
నాలుగేళ్లుగా వెళ్తున్నాను. ఏమీ దక్కలేదంటే అబద్ధమే. కాకపోతే దాన్ని తృప్తి అనను. మొదటి మూడు నెలలు ఇంటికొచ్చాక అన్నం సయించేది కాదు.

మందులు నర్సులు ఇస్తారు, నొప్పి తగ్గించే మార్ఫిన్ ఎంతివ్వాలో డాక్టర్లు చూస్తారు. నేను తల దువ్వుతాను, ఎండిన పెదవులు తడిగుడ్డతో అద్దుతాను, పేపర్ చదివి వినిపిస్తాను. చాలాసార్లు ఊరికే కూర్చుంటాను. కష్టమైన పని అదే. "ఏం కాదు, తగ్గిపోతుంది" అనే మాట నోటిదాకా వచ్చేస్తుంది. అలా అనకూడదని ట్రైనింగ్‌లో చెప్పారు గానీ, ఎందుకో నాకు అర్థమయ్యేలా చేసింది నల్గొండ వైపు నుంచి వచ్చిన ఒక పెద్దమ్మ. జబ్బు సంగతి ఆమెకి చెప్పొద్దని ఇంట్లోవాళ్ల పట్టు. ఒకరోజు నా చెయ్యి పట్టుకుని, "నాకెరుకే బిడ్డా, వాళ్లు ఏడుస్తరని అడుగుతలేను" అంది.

తర్వాతి ఏడాది మా నాన్నకి అదే జబ్బు వచ్చింది. మేం దాచలేదు. ఎవరికెంత బాకీ ఉందో, పొలం ఏం చేయాలో, చివరికి ఏ ఇంట్లో ఉండాలనుందో అన్నీ ఆయనే చెప్పారు. ఆ పెద్దమ్మ దగ్గర కూర్చోకపోతే నాన్నతో అలా మాట్లాడే ధైర్యం నాకు ఉండేది కాదు.

ఒక రోగి కొడుకు:
నేను ప్రశ్న వేసినవారి వైపే. మా అమ్మ ఆఖరి వారంలో పదిమంది వాలంటీర్లు పండ్లు పంచడానికొచ్చి, మంచం చుట్టూ నిలబడి ఫోటోలు తీసుకున్నారు. అమ్మ మొహం మీదకి కొంగు లాక్కుంది. అది నేను మర్చిపోలేను.

కోజికోడ్‌లో ఉండే తెలుగువాడిని:
మీ బాధ అర్థమైంది అన్నా. ఇక్కడ 1993లో డాక్టర్ రాజగోపాల్, డాక్టర్ సురేశ్ కుమార్ పెయిన్ అండ్ పాలియేటివ్ కేర్ సొసైటీ మొదలుపెట్టారు. పాలియేటివ్ కేర్ అంటే నయంకాని జబ్బు ఉన్నవాళ్లకి నొప్పి, బాధ తగ్గించి చూసుకోవడం. తర్వాత మలప్పురం జిల్లాలో ఇరుగుపొరుగువాళ్లే వాలంటీర్లయ్యారు. 2008లో కేరళ ప్రభుత్వం దీనికోసం ప్రత్యేక విధానమే తెచ్చింది. పొరుగువాళ్లు పుండుకి కట్టు కట్టడంతో ఆగరు, ఇంట్లో బియ్యం ఉన్నాయో లేదో, పిల్లలు బడికెళ్తున్నారో లేదో కూడా చూస్తారు. రేపు అదే వీధిలో ఎదురుపడాలి కాబట్టి ఫోటో తీసి వెళ్లిపోవడం కుదరదు. అయితే ఒక మాట. వెళ్లొచ్చినవాళ్లు తమ అనుభవం చెప్పబట్టే నాలాంటివాళ్లు వెళ్లారు. అందరూ నోరు మూసుకుంటే కొత్తవాళ్లు ఎలా వస్తారు?

హైదరాబాద్ వాలంటీర్:
అమ్మగారికి అలా జరగకుండా ఉండాల్సింది అన్నా. మా దగ్గర లోపలికి ఫోన్ తీసుకెళ్లనివ్వరు.

ప్రశ్న అడిగినవారు:
ఆ మెసేజ్ మీద నా కోపం పోలేదు. కానీ పెద్దమ్మ మాట పొద్దుటి నుంచి చెవిలోనే ఉంది. ఒకటి అడుగుతాను. నేను వస్తే, ఆఫీసు పని పడినప్పుడు మధ్యలో ఒక వారం మానొచ్చా?

హైదరాబాద్ వాలంటీర్:
ముందే చెబితే మానొచ్చు. చెప్పకుండా మాత్రం మానకండి. శనివారం వస్తానంటే, శుక్రవారం నుంచే తలుపు వైపు చూస్తుంటారు.